మెదడు, అక్షరం, ప్రవర్తన: నిరక్షరాస్యుల మతిమరుపు నిర్ధారణపై నాడీమనోవిజ్ఞాన పరిశీలన

వ్యాససంగ్రహం:

మెదడుకు, ఆలోచనకు, ప్రవర్తనకు మధ్యగల సంబంధాన్ని అధ్యయనం చేసే శాస్త్రం నాడీమనోవిజ్ఞానం. మనిషి చేసే పనిని, చేయలేని పనిని గమనించి మెదడు స్థితిని నిర్ణయించడం ఈ శాస్త్రపద్ధతి. అయితే ప్రవర్తనను మెదడుతో పాటు భాష, చదువు, వృత్తి కూడా తీర్చిదిద్దుతాయి. చదువుకున్నవారి కోసం తయారైన పరీక్షలను అక్షరజ్ఞానం లేని వృద్ధులకు యథాతథంగా పెడితే ఆరోగ్యవంతులు రోగులుగా నమోదయ్యే ప్రమాదముంది. బ్రోకా, మిల్నర్, లూరియాల పరిశోధనల నేపథ్యంలో ఈ సమస్య మూలాన్ని వివరించడం, తెలుగు భాషాలిపుల స్వభావాన్ని, హైదరాబాదులో జరిగిన ద్విభాషా అధ్యయనాన్ని ఆధారం చేసుకొని దాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నాడీమనోవిజ్ఞానం, డిమెన్షియా, నిరక్షరాస్యత, బ్రోకా, లూరియా, అక్షరలిపి, ద్విభాషిత్వం, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:

జిల్లా కేంద్రంలోని ఏ ఆసుపత్రిలోనైనా ఎదురుకాగల సన్నివేశం ఇది. డెబ్బై ఏళ్లు పైబడిన తల్లిని కొడుకు వైద్యుడి దగ్గరకు తీసుకొస్తాడు. ఈ మధ్య వస్తువులు ఎక్కడో పెట్టి మరిచిపోతోందని, చెప్పిన మాటే మళ్లీ చెబుతోందని అతని ఫిర్యాదు. ఆమె బడికి వెళ్లలేదు. వైద్యుడు ఒక ప్రశ్నపత్రం తీస్తాడు. ఇవాళ తేదీ ఎంత? ఇది ఏ సంవత్సరం? నూరులోంచి ఏడు తీసివేస్తే ఎంత? దానిలోంచి మళ్లీ ఏడు తీసివేస్తే? ఈ కాగితం మీద ఉన్నది చదివి అలాగే చేయండి. ఒక వాక్యం రాయండి. ఒకదాన్నొకటి ఖండించుకొనే ఈ రెండు పంచభుజుల బొమ్మ చూసి గీయండి.

ఈ ప్రశ్నలు 1975లో మార్షల్ ఫోల్‌స్టీన్, ఆయన సహరచయితలు ప్రచురించిన సంక్షిప్త మానసిక స్థితి పరీక్షలోనివి. ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న మతిమరుపు పరీక్షలలో ఇదొకటి. మొత్తం 30 మార్కులు. సాధారణంగా 24 కంటే తక్కువ వస్తే జ్ఞానశక్తి లోపించిందని అనుమానిస్తారు. పై ప్రశ్నలలో చదవడానికి 1, రాయడానికి 1, బొమ్మకు 1, వరుస తీసివేతలకు 5 మార్కులు ఉన్నాయి. కలిపితే 8. ఎన్నడూ పలక పట్టని స్త్రీ ఈ ఎనిమిదీ కోల్పోయి మిగిలినవన్నీ నిర్దోషంగా చెప్పినా ఆమెకు వచ్చేది 22 మాత్రమే. పరీక్ష మొదలు కాకముందే ఆమె రోగుల జాబితాలో చేరిపోయింది. తేదీ తెలియక ఇంకొక మార్కు పోవచ్చు. ఏకాదశి ఎప్పుడో, సంత ఏ వారమో, కందికోతకు ఎన్నాళ్లుందో ఆమె తడుముకోకుండా చెప్పగలదు. వాటికి ఆ పత్రంలో గడులు లేవు.

ఇది ఒక ప్రశ్నపత్రం లోపంగా మాత్రమే కనిపించవచ్చు. నిజానికి దీని మూలం నాడీమనోవిజ్ఞానం ఆధారపడిన తర్కంలోనే ఉంది. కనుక ఆ తర్కం ఎలా ఏర్పడిందో ముందుగా చూడవలసి ఉంటుంది.

2. గాయం ద్వారా తెలిసిన మెదడు:

పుర్రె తెరవకుండా మెదడును చూసే సాధనమేదీ లేని కాలంలో, దాని పనితీరును తెలుసుకొనే దారి ఒక్కటే ఉండేది. మెదడు దెబ్బతిన్న మనిషి ఏ పని చేయలేకపోతున్నాడో గమనించి, మరణానంతరం ఏ భాగం చెడిందో పరిశీలించడమే ఆ దారి.

పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఇరవై ఒక్క ఏళ్లు ఉన్నాడు. ఏమి అడిగినా అతని నోట వచ్చేది 'తాఁ' అనే ఒకే అక్షరం. అందువల్ల ఆసుపత్రిలో అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. అతను అడిగినది అర్థం చేసుకొనేవాడు. ఎన్నేళ్లుగా అక్కడున్నాడో వేళ్లతో చూపగలిగేవాడు. కోపం వస్తే మాత్రం ఒక తిట్టు స్పష్టంగా వెలువడేది. 1861 ఏప్రిల్‌లో కాలికి సోకిన వ్యాధితో అతను శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా విభాగానికి వచ్చి, కొద్దిరోజులకే మరణించాడు. మెదడు ఎడమ అర్ధభాగంలో, నుదుటి వెనుకనున్న లలాటఖండపు కింది భాగం చెడిపోయి ఉండటాన్ని బ్రోకా గుర్తించాడు. అదే ఏడాది లెలోంగ్ అనే మరొక రోగిలోనూ అదే చోట గాయం కనిపించింది. నాలుగేళ్ల తరువాత, మాట్లాడే శక్తికి ఎడమ అర్ధగోళమే ఆధారమని ఆయన ప్రతిపాదించాడు. 1874లో కార్ల్ వెర్నికే మరొక రకపు రోగులను వర్ణించాడు. వీరు ధారాళంగానే మాట్లాడతారు, కాని మాటలలో అర్థం కుదరదు. ఎదుటివారి మాట అర్థం కాదు. వీరిలో చెడిన భాగం ఎడమ కణతఖండంలో, వెనుకవైపున ఉంది. మాట పలకడం, మాట గ్రహించడం రెండు వేర్వేరు వ్యవస్థలని ఈ ఇద్దరి పరిశీలనల వల్ల తేలింది.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. బ్రోకా ఆ రెండు మెదళ్లనూ కోయకుండా భద్రపరచాడు. 2007లో నీనా డ్రోంకర్స్ బృందం వాటికి ఎం.ఆర్.ఐ. తీయగా గాయాలు పైపొరకే పరిమితం కాలేదని, లోతుగా వ్యాపించి భాషాకేంద్రాలను కలిపే నాడీతంతువుల కట్టలను కూడా దెబ్బతీశాయని బయటపడింది. 'ఒక పనికి ఒక చోటు' అనే భావన ఆరంభించిన మెదడే ఆ భావన చాలదని నూట నలభై ఏళ్ల తరువాత నిరూపించిందన్నమాట. ఫినియాస్ గేజ్ కథకూ ఇటువంటి సవరణే జరిగింది. 1848లో ఇనుప గునపం పుర్రెలోంచి దూసుకుపోయాక గేజ్ వేరే మనిషైపోయాడని ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఆ తరువాత అతను చిలీ దేశంలో ఏళ్ల తరబడి గుర్రపుబండి నడిపి జీవించాడన్న సంగతి చాలా పుస్తకాలలో కనిపించదు.

జ్ఞాపకశక్తి విషయంలో ఇంతటి ప్రాధాన్యం హెన్రీ మొలైసన్‌ది. శాస్త్రగ్రంథాలు చాలాకాలం అతన్ని హెచ్.ఎం. అనే పొడి అక్షరాలతోనే ప్రస్తావించాయి. తీవ్రమైన మూర్ఛలను ఆపడానికి 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అతనికి శస్త్రచికిత్స చేసి, హిప్పోకాంపస్ అనే భాగంలో అధికభాగాన్ని రెండువైపులా తొలగించాడు. అప్పటికి అతని వయస్సు 27. ఆ తరువాత అతనికి కొత్త జ్ఞాపకం నిలవలేదు. బాల్యం గుర్తుంది, బుద్ధి చురుకుగానే ఉంది, కాని ఇప్పుడే పలకరించి బయటకు వెళ్లిన మనిషి మళ్లీ వస్తే కొత్తవారే. బ్రెండా మిల్నర్ అతనికి ఒక విచిత్రమైన పని అప్పగించింది. చేతిని అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీతల వెంట పెన్సిలు నడపాలి. మూడు రోజుల అభ్యాసంలో అతని చేయి చక్కగా కుదిరింది. మూడో రోజున కూడా ఆ పని ముందెన్నడూ చేసినట్లు అతనికి తెలియదు. సంఘటనల జ్ఞాపకం, చేతివాటపు జ్ఞాపకం మెదడులో వేర్వేరు దారులని ఈ ప్రయోగం నిర్ధారించింది. ఈ భేదం వ్యాసం చివర మళ్లీ అవసరమవుతుంది.

ఈ పరిశోధనలన్నింటిలో పైకి చెప్పని ఒక అంశముంది. లెబోర్న్ జబ్బుకు ముందు మాట్లాడేవాడు. చికిత్సకు ముందు మొలైసన్‌కు జ్ఞాపకం ఉండేది. ఉన్న శక్తి పోయింది కాబట్టి, చెడిన భాగానికీ పోయిన శక్తికీ సంబంధం చెప్పగలిగారు. వంద నుంచి ఏడేసి తీసివేయలేకపోయిన వృద్ధురాలి విషయంలో ఈ మొదటి మెట్టే లేదు. ఆమెలో పోయినదేదో, ఎన్నడూ లేనిదేదో విడదీయకుండా ఆమె మెదడు గురించి చెప్పే మాటకు ఆధారం ఉండదు.

3. లూరియా: రైతుల తర్కం, సైనికుల గాయాలు:

ఈ రెండింటినీ విడదీయవలసిన అవసరాన్ని అందరికంటే ముందుగా గుర్తించినవారిలో రష్యన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ లూరియా (1902–1977) ముఖ్యుడు. 1931, 1932 సంవత్సరాలలో ఆయన ఉజ్బెకిస్తాన్ మారుమూల పల్లెలకు వెళ్లి, చదువురాని రైతులను, అప్పుడే సమష్టి వ్యవసాయక్షేత్రాలలో కొద్దికాలం చదువుకున్నవారిని పోల్చి చూశాడు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపి వీటిలో చేరనిదేదని అడిగితే, చదువుకున్నవారు దుంగను తీసివేశారు. మిగిలినవి పనిముట్లు కనుక. చదువురాని రైతులు దేన్నీ తీయలేదు. రంపంతో కోయాలన్నా గొడ్డలితో నరకాలన్నా దుంగ ఉండాలి కదా అన్నది వారి వాదం. మంచు కప్పిన దూర ఉత్తర ప్రాంతంలో ఎలుగుబంట్లన్నీ తెల్లనివని, ఫలానా దీవి ఆ ప్రాంతంలోనే ఉందని చెప్పి, అక్కడి ఎలుగుల రంగేమిటని అడిగితే, తాము చూడని దాని గురించి చెప్పలేమని, అక్కడికి వెళ్లినవారిని అడగమని జవాబిచ్చారు.

ఈ జవాబును తర్కలోపంగా లెక్కించడం తేలిక. కాని ఇది సాక్ష్యానికి, వినికిడికి భేదం పాటించే మనిషి జవాబు. న్యాయస్థానంలోనైతే మెచ్చుకోదగినది కూడా. ప్రశ్నలో ఇచ్చిన మాటలనే ప్రపంచంగా భావించి సమాధానం చెప్పడం బడి నేర్పే అలవాటు. కొద్దిపాటి చదువు వచ్చిన రైతులు ఆ అలవాటును త్వరగానే పట్టుకున్నారు. అంతలో వారి మెదడు వేరొకటి కాలేదు, దాన్ని వాడే తీరు మారింది. ఈ పరిశోధన జాతులను కించపరిచేదిగా ఉందని సోవియట్ దేశంలో విమర్శలు రావడం వల్ల 1974 వరకు పూర్తి గ్రంథంగా వెలువడలేదు. రైతుల ఆలోచనను వెనుకబడిన దశగా చూపే ధోరణి లూరియా రాతలలో కొంత ఉన్నమాట నిజమే. ఆయన సేకరించిన జవాబులు మాత్రం ఆయన సిద్ధాంతం కంటే విశాలమైనవి.

రెండవ ప్రపంచయుద్ధంలో లూరియా తలకు గాయాలైన సైనికులకు పునరావాస చికిత్స నడిపాడు. అక్కడ ఆయనకు రూపుకట్టిన భావన 'కార్యవ్యవస్థ'. చదవడం, రాయడం, లెక్కించడం వంటి ఏ పనీ మెదడులో ఒక్కచోట ఉండదు. ఎన్నో భాగాలు తలా ఒక చేయి వేస్తే ఆ పని జరుగుతుంది. ఏ భాగాలు ఎంతెంత వంతు వేస్తాయన్నది ఆ మనిషి భాషను బట్టి, నేర్చిన తీరును బట్టి మారుతుంది. ధ్వనులను అక్షరాలుగా మార్చే రష్యన్ రాత వినికిడికి సంబంధించిన కణతఖండంపై ఎక్కువగా ఆధారపడితే, చిత్రలిపి అయిన చైనీస్ రాత దృశ్యసంబంధమైన భాగాలపై ఎక్కువగా ఆధారపడుతుందని ఆయన ఉదాహరించాడు. అనగా ఒకే గాయం రెండు భాషల రచయితలలో రెండు రకాల లోపాలు కలిగించగలదు. తెలుగు లిపికి ఈ మాట ఎలా వర్తిస్తుందో ఐదవ విభాగంలో చూడవచ్చు.

4. అక్షరం చేసే మార్పు:

చదువు మెదడును వాడే తీరునే కాక మెదడునూ మారుస్తుందని తరువాతి కాలంలో తేలింది. దక్షిణ పోర్చుగల్‌లో ఒకప్పుడు పెద్దకూతురిని తమ్ముళ్లను, చెల్లెళ్లను సాకడానికి ఇంటి దగ్గర ఉంచి, చిన్నవారిని బడికి పంపే ఆచారముండేది. తెలుగు పల్లెలకూ ఇది తెలియని సంగతి కాదు. ఈ ఆచారం వల్ల ఒకే ఇంట, ఒకే పెంపకంలో పెరిగి, చదువులో మాత్రమే భేదమున్న స్త్రీలు పరిశోధకులకు లభించారు. కాస్ట్రో-కాల్డాస్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో, వాడుక మాటలను విని తిరిగి పలకడంలో ఇరువర్గాలకూ పెద్ద తేడా లేదు. అర్థం లేని కల్పిత పదాలను పలకమన్నప్పుడు మాత్రం చదువురానివారు తడబడ్డారు. ఆ సమయంలో పనిచేసిన మెదడు భాగాలూ వేరుగా ఉన్నాయి. అర్థంతో నిమిత్తం లేకుండా ధ్వనిని ధ్వనిగా పట్టుకోవడం అక్షరాభ్యాసంతో వచ్చే శక్తి అని దీనివల్ల తెలుస్తుంది.

స్టానిస్లాస్ దెహేన్ బృందం 2010లో బ్రెజిల్, పోర్చుగల్ దేశాలకు చెందిన 63 మందిని పరిశీలించింది. కొందరు చదువురానివారు, కొందరు పెద్దయ్యాక నేర్చినవారు, మిగిలినవారు చిన్ననాడే చదువుకున్నవారు. చదవడం వచ్చేకొద్దీ ఎడమ అర్ధగోళం వెనుక, అడుగువైపున్న ఒక దృశ్యప్రాంతం అక్షరాలకు ప్రత్యేకంగా స్పందించడం మొదలైంది. పెద్దవయసులో నేర్చినవారిలోనూ ఈ మార్పు కనిపించింది. లక్నో సమీప గ్రామాలలో దేవనాగరి నేర్చిన వయోజనులపై 2017లో వెలువడిన అధ్యయనం ఇంకా లోతైన భాగాలలోనూ మార్పులు గుర్తించింది.

పెద్దవయసు చదువు ప్రస్తావన తెలుగు నేలకు సన్నిహితమైనది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చిన స్త్రీలే తరువాత సారా వ్యతిరేక ఉద్యమానికి ముందు నిలిచారు. అప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్నవారు ఇప్పుడు వార్ధక్యంలో ఉన్నారు. 'ఎంతవరకు చదువుకున్నారు' అన్న ఆసుపత్రి ప్రశ్నకు వారి జవాబు సున్నాగానే నమోదవుతుంది. అక్షరాస్యులు, నిరక్షరాస్యులు అనే రెండు గడుల విభజన ఎంత మోటుదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

5. తెలుగులోకి వచ్చిన పరీక్షలు:

పరీక్షను తెలుగులోకి అనువదిస్తే సమస్య తీరుతుందా? ఒక ఉదాహరణ చాలు. ఫోల్‌స్టీన్ పరీక్షలో తీసివేతలకు బదులుగా 'వరల్డ్' అనే ఆంగ్లపదంలోని అక్షరాలను వెనుక నుంచి చెప్పమనే ప్రత్యామ్నాయముంది. మనసులో ఒక వరుసను నిలిపి తిరగేయగల ఏకాగ్రతను కొలవడం దాని ఉద్దేశం. ఆ మాటకు తెలుగు 'ప్రపంచం'. దాన్ని తిరగేస్తే 'చం-పం-ప్ర' అవుతుంది. ఆంగ్లంలో ఐదు విడి వర్ణాలను తిప్పాలి. తెలుగులో మూడు అక్షరాలు చాలు. సంయుక్తాక్షరమైన 'ప్ర' ముక్కలు కాకుండా వెంట వస్తుంది. అనువాదం సరైనదే, కొలిచినది మాత్రం వేరు.

తెలుగువాడి మనసులో మాటకు ప్రమాణం వర్ణం కాదు, అచ్చుతో కూడిన అక్షరం. లిపి కూడా ఆ ప్రమాణాన్నే పాటిస్తుంది. పిల్లలు రహస్యంగా మాట్లాడుకొనే 'క' భాష దీనికి చక్కని సాక్ష్యం. 'నేను' అనవలసిన చోట 'కనేకను' అంటారు. మాటను ఎక్కడ విరవాలో వారికి ఎవరూ నేర్పనక్కరలేదు, అక్షరం దగ్గరే విరుగుతుంది. అందువల్ల 'ఫలానా వర్ణంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరు' అనే ప్రసిద్ధ పరీక్ష కూడా తెలుగులో చిక్కు తెస్తుంది. 'ప'తో మొదలయ్యే మాటలు చెప్పమంటే 'పాలు', 'పిల్లి', 'పొలం' లెక్కలోకి వస్తాయా? ఒకరు వస్తాయనుకొని ధారాళంగా చెబుతారు. మరొకరు 'పలక', 'పడవ' వంటి మాటల కోసమే వెతుకుతూ ఆగిపోతారు. ఈ పరీక్షలో తక్కువ మాటలు రావడాన్ని లలాటఖండపు బలహీనతకు సూచనగా తీసుకుంటారు. రెండో మనిషిలో కనిపించినది సూచనను కచ్చితంగా పాటించే స్వభావం మాత్రమే కావచ్చు. పరీక్షకుడు నియమాన్ని ముందే విడమరచి చెప్పకపోతే ఆ భేదం మార్కులలో కనబడదు. బడి గడప తొక్కనివారికైతే 'ప'తో మొదలయ్యే మాట అన్న ఊహే కొత్తది. వారిని జంతువుల పేర్లో, కూరగాయల పేర్లో చెప్పమనడం న్యాయం.

ఈ దిశలో దేశంలో గట్టి ప్రయత్నాలే జరిగాయి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలలో డిమెన్షియా సర్వే కోసం మేరీ గంగూలీ బృందం 1995లో హిందీ మానసిక స్థితి పరీక్షను ప్రచురించింది. అది వట్టి అనువాదం కాదు. చదవవలసిన ఆదేశం స్థానంలో పరీక్షకుడి ముఖం చూసి అనుకరించే పని వచ్చింది. తీసివేతలు చిన్నవయ్యాయి. రాయడానికి బదులు నోటితో చెప్పవచ్చు. కేంబ్రిడ్జిలో రూపొందిన ఆడెన్‌బ్రూక్ పరీక్షకు తెలుగు రూపం హైదరాబాదు వైద్యుల కృషితో వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో ఉమ్మడి పరీక్షల సంపుటిని తయారు చేయించింది. పెద్ద ఆసుపత్రుల జ్ఞాపకశక్తి విభాగాలకు ఇవి అందుబాటులో ఉన్నాయి.

తప్పు రెండువైపులా జరుగుతుందన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, వ్యాధి నిజంగానే మొదలైనా, అదే పరీక్షలో 28 మార్కులు తెచ్చుకోగలడు. తీసివేతలు, వాక్యరచన ఆయనకు జీవితమంతా అలవాటైన పనులు. 'మార్కులు బాగున్నాయి, వయసు మీదపడిన మతిమరుపే' అని ఇంటికి పంపిస్తే ఆయన విలువైన కాలాన్ని కోల్పోతాడు. చదువురాని స్త్రీకి లేని జబ్బు అంటగట్టడం ఎంత అన్యాయమో, ఇదీ అంతే.

6. హైదరాబాదు అధ్యయనం: రెండు భాషల మెదడు:

పరీక్షలను స్థానికంగా మలచుకోవడం వల్ల ఇతరచోట్ల తేలని ప్రశ్నలకు కూడా జవాబు వెతకవచ్చునని హైదరాబాదు నిరూపించింది. 2007లో టొరంటోకు చెందిన ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగుల వివరాలను పరిశీలించి, జీవితమంతా రెండు భాషలు వాడినవారిలో డిమెన్షియా లక్షణాలు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు ప్రకటించింది. వెంటనే ఒక ఆక్షేపణ వచ్చింది. కెనడాలో రెండు భాషలవారిలో ఎక్కువమంది వలస వచ్చినవారు. ఆ తేడా భాష వల్ల వచ్చిందా, వలస వల్లనా? పాశ్చాత్య నగరాలలో ఈ రెండింటినీ విడదీయడం కష్టం.

హైదరాబాదులో అది కష్టం కాదు. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, లేదా ఇంట్లో దక్కనీ ఉర్దూ, పనిచోట తెలుగు మాట్లాడటానికి ఎవరూ వలస రానక్కరలేదు, బడికి వెళ్లనూ అక్కరలేదు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలోని జ్ఞాపకశక్తి విభాగానికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను అల్లాడి సువర్ణ, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, ఇతర సహపరిశోధకులు విశ్లేషించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ప్రచురించారు. వారిలో 391 మంది రెండు గాని అంతకంటే ఎక్కువ గాని భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారిలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, వీరిలో 65.6 ఏళ్లకు మొదలైంది. తేడా నాలుగున్నర ఏళ్లు. చదువు, వృత్తి, స్త్రీపురుష భేదం, పల్లె–పట్నం నివాసం లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఈ తేడా చెరగలేదు. చదువురానివారిని మాత్రమే విడిగా చూసినప్పుడు తేడా ఆరేళ్లకు పెరిగింది. రెండు భాషలకు మించి ఎన్ని వచ్చినా అదనపు ప్రయోజనం కనబడలేదు.

దీనికి ప్రతిపాదించిన వివరణ మెదడు పనితీరుతో ముడిపడినది. రెండు భాషలు వచ్చిన మనిషి ఒకదానిలో మాట్లాడుతున్నప్పుడు రెండవది నిద్రపోదు. ఎదురుగా ఎవరున్నారో చూసి ఒకదాన్ని అణచి రెండవదాన్ని ముందుకు తేవాలి. లలాటఖండాలు, వాటితో కలిసి పనిచేసే లోతైన నాడీకేంద్రాలు ఈ నియంత్రణను నిర్వహిస్తాయి. రోజుకు ఎన్నోసార్లు, దశాబ్దాల తరబడి సాగే ఈ అభ్యాసం వల్ల, వ్యాధి మెదడును తొలుస్తున్నా మరికొంతకాలం పని నెట్టుకురాగల నిల్వశక్తి ఏర్పడుతుందని భావిస్తున్నారు. ద్విభాషిత్వం వ్యాధిని ఆపదు. లక్షణాలు బయటపడటాన్ని వాయిదా వేస్తుంది. అదే బృందం 608 మంది పక్షవాత రోగులపై 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ భావనకు ఊతమిచ్చింది. పక్షవాతం తరువాత జ్ఞానశక్తి చెక్కుచెదరకుండా ఉన్నవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒక భాషవారిలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇరువర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. రక్షణ భాషకు కాక నియంత్రణశక్తికి లభిస్తున్నదని ఈ రెండవ ఫలితం సూచిస్తుంది. నిజానికి మొదటి ఫలితం కంటే ఇదే ఆసక్తికరమైనది.

పరిమితులు లేకపోలేదు. ఇవి ఆసుపత్రికి రాగలిగినవారి లెక్కలు. జబ్బు మొదలైన వయసు కుటుంబసభ్యుల జ్ఞాపకం మీద ఆధారపడినది. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి అనుసరించిన కొన్ని పాశ్చాత్య అధ్యయనాలలో ద్విభాషిత్వానికి ఇటువంటి ఫలితం కనిపించలేదు. అయినా విద్యకు, మెదడు నిల్వశక్తికి విడదీయరాని సంబంధముందన్న నమ్మకాన్ని ఈ అధ్యయనం సడలించింది. బడికి వెళ్లని కూలిమనిషి రెండు భాషల మధ్య సాగించిన జీవితం కూడా మెదడుకు వ్యాయామమేనని చెప్పడానికి ఇప్పుడు కొంత ఆధారముంది.

7. పరీక్షగదిలో అడగవలసినవి:

ఉపోద్ఘాతంలోని వృద్ధురాలి దగ్గరకు మళ్లీ వస్తే, ఆమె పరీక్ష ఎలా ఉండాలి? పంచభుజులు గీయలేని స్త్రీ తెల్లవారుజామున పదిహేను చుక్కల ముగ్గును తప్పు లేకుండా వేయగలదు. స్థలాన్ని, దూరాన్ని, ఆకారాన్ని గ్రహించే పార్శ్వఖండాల పని రెండింటిలోనూ ఉంది. కాబట్టి పంచభుజులకు బదులు ముగ్గు వేయమంటే సరిపోతుందని తోస్తుంది. ఇక్కడే మొలైసన్ అద్దపు నక్షత్రం గుర్తుకు రావాలి. అరవై ఏళ్లుగా వేస్తున్న ముగ్గు చేతివాటపు జ్ఞాపకంలో స్థిరపడినది. హిప్పోకాంపస్ క్షీణించినా ఆ చేయి తప్పకపోవచ్చు. పాత ముగ్గు బాగా వేసినంత మాత్రాన వ్యాధి లేదనలేము. ఆమెకు కొత్తదైన ఒక చిన్న ముగ్గును చూపించి వేయమని, కొంతసేపటి తరువాత చూడకుండా మళ్లీ వేయమని అడిగితే గ్రహణశక్తీ, కొత్త జ్ఞాపకమూ రెండూ తెలుస్తాయి. ఇటువంటి పరీక్షకైనా ఆరోగ్యవంతులైన నిరక్షరాస్యులు ఎందరో ఎంత బాగా చేయగలరో ముందుగా కొలిచి ప్రమాణాలు ఏర్పరచకపోతే, అది ఒక మంచి ఊహగానే మిగులుతుంది.

అంతకంటే ముఖ్యం ఆమె ఇదివరకు ఏమి చేసేదో తెలిసినవారిని అడగడం. పోయినదేదో, ఎన్నడూ లేనిదేదో చెప్పగలిగినది వారే. మార్కులతో పాటు దైనందిన జీవనంలో వచ్చిన మార్పును కూడా చూసి గాని డిమెన్షియా నిర్ధారించకూడదన్నది వైద్యశాస్త్రంలో స్థిరపడిన నియమం. పింఛను డబ్బు లెక్క ఆమే చూసుకొనేదా, ఇప్పుడు చూసుకోగలుగుతున్నదా? పాలవాడి బాకీ నోటిలెక్కతో చెప్పే మనిషి ఇప్పుడు తడబడుతున్నదా? కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నదా? తెలిసిన వీధిలో దారి తప్పిందా? నిన్న ఇంటికి వచ్చిన బంధువును ఇవాళ గుర్తుచేసుకోగలదా? ఈ ప్రశ్నలకు కోడలి జవాబు ఒక్కొక్కప్పుడు కొడుకు జవాబు కంటే కచ్చితంగా ఉంటుంది, వంటింటి మార్పులు ముందుగా కనబడేది ఆమెకు కనుక.

ఈ సమాచారం అందకుండా అడ్డుపడే మాట ఒకటి తెలుగులోనే ఉంది. అది 'చాదస్తం'. వృద్ధులు అడిగిందే అడిగినా, అకారణంగా అనుమానించినా, ఎన్నడూ లేని మొరటుతనం ప్రదర్శించినా ఈ ఒక్క మాటతో సరిపెట్టడం అలవాటు. వీటిలో మొదటిది హిప్పోకాంపస్ క్షీణతకు, చివరిది లలాటఖండపు వ్యాధికి తొలి గుర్తు కావచ్చు. ముఖ్యంగా లలాట–కణతఖండాల డిమెన్షియాలో జ్ఞాపకం చాలాకాలం చెడదు, మారేది స్వభావం. ఎప్పుడూ మితంగా మాట్లాడే తండ్రి అపరిచితులతో అనుచితంగా మాట్లాడటం మొదలుపెడితే ఇంట్లోవారు అవమానంతో దాచిపెడతారు, ఆసుపత్రికి రారు. వచ్చినా మతిమరుపు లేదు కదా అని చెబుతారు. అందువల్ల వైద్యుడు 'చాదస్తం పెరిగిందా' అని తానే ముందుగా అడిగి, అది ఎప్పుడు మొదలైంది, మునుపటి స్వభావానికి ఎంత భిన్నంగా ఉంది, నెలనెలకూ పెరుగుతున్నదా అని వరుసగా రాబట్టవలసి ఉంటుంది. కొడుకు 'అమ్మ ఎప్పుడూ ఇంతే' అంటే ఒక దారి, 'రెండేళ్లుగా ఇలా అయింది' అంటే మరొక దారి.